మా మగ్గం గుంతలో గోల్డ్ కోస్టు మనిషి

మొన్న ఆదివారం మా మునిమనవరాలు బడి కోసం ఒక అట్ట మీద ఏదో దేశం పటం అతికించి, పైన పరిచయం అని పెద్దక్షరాలతో రాసి, దాని కింద భౌగోళికం, వనరులు, సంస్కృతి, పరిపాలన అని నాలుగు గళ్లు గీసుకుని, ఫోనులో చూసి పైకి చదువుకుంటూ ఉంటే నేను మంచం మీద ఒత్తిగిలి వింటున్నాను. మోకాళ్ల నొప్పులతో ఈ మధ్య మంచం దిగడమే తక్కువైంది, వినడం తప్ప వేరే పని లేదు. ఘానా అట, పశ్చిమ ఆఫ్రికాలో ఉందట, నాకేమీ పట్టలేదు. కాసేపటికి ఆ పిల్ల "పూర్వం దీనిని గోల్డ్ కోస్టు అని పిలిచేవారు" అని చదివింది. పడుతున్న కునుకు కాస్తా ఎగిరిపోయింది. ఆ పేరు నేను ఆరు రోజుల పాటు ఒక్క మనిషి నోట విన్నాను, ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎవరి నోటా వినలేదు.

ఆ దేశం నాకు తెలుసు అన్నాను. పిల్ల నవ్వింది. అయితే నువ్వే రాయి అని తెల్లకాగితాలు నా ఒళ్లో పెట్టి ఆడుకోవడానికి పోయింది. రాయడం నాకు అలవాటు లేని పని. మా చిన్నవాడు బడికి పోయే రోజుల్లో వాడి పలక మీదే అక్షరాలు దిద్దుకుని, నలభై దాటాక పెద్దల బడిలో ఐదో తరగతి గట్టెక్కినదాన్ని. తప్పులు పోతాయేమోనని భయంగానే ఉంది. నా ఈడు వాళ్లు ఎవరైనా చదివితే సర్దుకుని చదువుకోండి, ఎందుకంటే ఇందులో కొన్ని సంగతులు మన ఈడు వాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పినా అర్థం కావు.

మేము కురుమవాళ్లం. మా ఊరు ఆత్మకూర్ సంతకు పోయే తోవలో, రైలుకట్టకు కూతవేటు దూరంలో ఉండేది. మందలో ఉన్ని కత్తిరించడం, ఏకడం మగవాళ్ల పని, వడకడం ఆడవాళ్ల పని, మళ్లీ నేయడం మగవాళ్ల పని. మా ఇంట్లో మగ్గం మీద మా నాయిన, రాట్నం ముందర మా అమ్మ, అవ్వ, నేను. ఏడాదికి రెండు గొంగళ్లు, పండుగలకు గొర్రెలు గడికి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటికి, ఊరికే ఇచ్చుకోవాలి. ఎందుకు అని అడిగిన వాళ్లు లేరు. గడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, ఆ గోడ దాటిన తర్వాత మళ్లీ తొడుక్కోవాలి. అదీ ఎందుకు అని అడిగిన వాళ్లు లేరు. మా గొర్రెలు మేసే గుట్ట దొరది, కాబట్టి మా తిండి కూడా దొరదే అన్నట్టు ఉండేది.

పెద్ద యుద్ధం అయిపోయిన ఏడాది వానలు వెనక్కి పట్టి ఒక్కసారిగా కొట్టాయి. వాగు పొంగి రైలుకట్ట తెగింది. పట్నం పక్కన తెల్లవాళ్ల దండు ఉండే లష్కర్ నుంచి దక్షిణంగా పోతున్న బండి ఒకటి మా స్టేషన్‌లో నిలబడిపోయింది. దాని వెనక రెండు డబ్బాల నిండా సిపాయిలు, లష్కర్ దవాఖానలో గాయాలకు, జ్వరాలకు మందు తీసుకుని, మద్రాసు దగ్గర ఓడ ఎక్కడానికి పోతున్నవాళ్లు. తెల్ల ఆఫీసర్లు ట్రాలీ మీద ముందుకు పోయారు, వీళ్లు మిగిలారు. వాళ్లను చూసి ఊరు మొదట తలుపులు వేసుకుంది. అంత నలుపు మనుషులను మేము చూడలేదు. మా అవ్వ మాత్రం, నల్ల ఉన్నికే కదా ధర ఎక్కువ, మనుషులైతే ఏమైంది అని, గడప మీద కూర్చుని రాట్నం తిప్పుకుంటూనే ఉంది. వాళ్లు నీళ్లకు వస్తే ఏ బావి చూపించాలన్నది ఇంకో తగాదా. ఏ కులమో తెలియని వాళ్లకు ఏ బావి అని పెద్దవాళ్లు పొద్దంతా మాట్లాడుకుని, ఏమీ తేల్చలేక, చివరకు స్టేషన్‌లో ఇంజనుకు పట్టే నీళ్లే తాగమన్నారు.

రెండో రోజు పొద్దున మా నాయిన వాకిట్లో పడుగు దారాలు పరిచి చింతగింజల గంజి పూస్తున్నాడు. ఆ వాసన ఎంత దూరం పోతుందో నేసే ఇళ్లల్లో పుట్టినవాళ్లకు తెలుసు. సిపాయి ఒకడు ఆ వాసన పట్టుకునే వచ్చినట్టు వచ్చి దడి బయట నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, జ్వరంతో చెక్కిళ్లు లోపలికి పోయి ఉన్నాయి. చెప్పులు కాదు, పెద్ద బూట్లు, వాటిని దడి బయటే విడిచి వచ్చి, పడుగు పక్కన గొంతుకూర్చుని, దారాన్ని వేలితో మీటి చూశాడు. అతనికి దవాఖానలో నేర్చుకున్న నాలుగు హిందుస్తానీ ముక్కలు వచ్చు, మా నాయినకు పాలమూరులో గొంగళ్లు అమ్మి నేర్చుకున్న నాలుగు ముక్కలు వచ్చు. దునియా, వకీలు లాంటి మాటలు వాళ్ల భాషలోనూ దగ్గరగానే ఉన్నాయని తెలిసి ఇద్దరూ చాలాసేపు ఆశ్చర్యపోయారు. చేతులే ఎక్కువ మాట్లాడాయి అనుకోండి.

అతను నేతగాడు. వాళ్ల దగ్గర కూడా ఆడవాళ్లు వడుకుతారట, మగవాళ్లు నేస్తారట, కాకపోతే ఉన్ని కాదు, పత్తి. నాయిన పక్కకు జరిగి మగ్గం గుంత చూపిస్తే అందులోకి దిగి, నాలుగు వేళ్లంత నేసి, చాలా వెడల్పు అని తల అడ్డంగా ఊపాడు. వాళ్ల మగ్గం మీద బట్ట బెత్తెడే వస్తుంది, బారలకు బారలు అలా పట్టీలాగా నేసి, తర్వాత పట్టీలన్నీ పక్కపక్కన పెట్టి కుట్టి అంగీ చేస్తారట. మా నాయినకు నవ్వాగలేదు.

"బెత్తెడు నేసుడేంది, మల్ల కుట్టుకునుడేంది భాయ్. రెండు పనులు గాదా?"

దానికి అతను చెప్పింది నాకు ఇప్పటికీ జ్ఞాపకం. పట్టీ ఒకటి చెడిపోతే దాన్ని ఒక్కదాన్నే విప్పి పారేయవచ్చు, మీది చెడితే గొంగడి మొత్తం చెడినట్టే కదా అన్నాడు. నాయిన ఆలోచించి, అదీ నిజమే అన్నాడు. ఇంట్లోకి వచ్చిన మనిషి మాట మా నాయిన అంత తొందరగా ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. పేరు చెప్పాడు గాని మాకు నోరు తిరగలేదు, అందరం లష్కరాయన అనేవాళ్లం. అమ్మ జొన్నగింజలు చెరుగుతుంటే దోసెడు తీసుకుని చూసి, ఇవి మా ఇంట్లో ఉన్నాయి అన్నాడు. సజ్జలు ఉన్నాయి, పల్లికాయ ఉంది, చింతచెట్టు ఉంది. అమ్మ అంబలి పోస్తే రెండు చేతులతో పట్టుకుని తాగి కళ్లు మూసుకున్నాడు. బర్మా అడవుల్లో బండ్లు పోని చోట సామాన్లన్నీ తల మీద మోశారట వాళ్లు, కొండలెక్కి దిగి, ఏడాదికి పైగా. ఎందుకు పోయినవు బిడ్డా అంత దూరం అని అవ్వ అడిగితే, తెల్లదొర మా పెద్దకు చెప్పాడు, ఆ పెద్ద మా ఊరికి చెప్పాడు, ఇంటికొక మనిషి అని లెక్క వచ్చింది, మా ఇంట్లో నేను వచ్చాను అన్నాడు. అవ్వ రాట్నం ఆపి, "అంటే వెట్టే గదరా," అంది. నాయిన ఆ మాటను అతనికి చెప్పలేకపోయాడు. చెప్పడానికి హిందుస్తానీ మాట కోసం వెతికి, దొరక్క, ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం మా ఇంటి ముందరి మెత్తటి దుబ్బలో పుల్లతో, గోల్డ్ కోస్టు, గోల్డ్ కోస్టు అంటూ తన దేశం గీశాడు. కింద సముద్రం, దాని ఒడ్డున ఎప్పుడో తెల్లవాళ్లు కట్టిన కోటలు, వాటి పైన తెరిపి లేని వానలు కురిసే అడవి, ఆ అడవి కింద బంగారం, అడవి నీడలో కోకో చెట్లు. దాని పైన చెట్లు పలచబడి, గడ్డి మొలిచి, మన దగ్గరలాగే ఎర్రమట్టి, నల్లరాళ్లు. అక్కడ ఉంది అతని ఊరు. ఇళ్లు గుండ్రంగా మట్టితో కడతారు, గోడల మీద ఆడవాళ్లు ముగ్గులు వేస్తారు. ఇంటికి వచ్చిన చుట్టానికి ముందు ఒక వగరు కాయ చేతిలో పెడతారు, మన ఆకు వక్కలాగా. ఒక అడవి గింజను దంచి, ఉడికించి, వెన్నలాంటిది తీసి ఒంటికీ కూరకూ వాడుకుంటారు, ఆ పని ఆడవాళ్లదే, ఆ రాబడి కూడా ఆడవాళ్లదే అని చెబితే మా అమ్మ, "మంచి దేశమే," అని నాయిన వైపు చూసింది. మధ్యలో పెద్ద నది ఒకటి గీశాడు. రెండు పాయలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, కలిసి సముద్రానికి పోతుందట. మాకు కృష్ణ, భీమ కలిసే చోటు తెలుసు కాబట్టి అది అర్థమైంది.

అవ్వ మాత్రం అడవి కింది బంగారం దగ్గరే ఆగిపోయింది. "బంగారం తవ్వే దేశపోనివి, నీ చెవులకు పోగు సుత లేదేందిరా?" అంది. నాయిన చెప్పాక అతను చాలాసేపు నవ్వాడు. నవ్వి, పుల్లతో ఒడ్డు దగ్గర ఓడ బొమ్మ గీసి, దాని మీద రెండుసార్లు కొట్టాడు.

నాయిన అడిగింది రాజ్యం సంగతి. మీ దగ్గర నిజాం ఎవరు అని. పైన తెల్ల గవర్నరు, కింద ఎక్కడికక్కడ పెద్దలు. తమ వైపు పెద్ద అయినవాడు తోలు మీద కూర్చుంటాడట, దక్షిణాన అడవి సీమలో పీట మీద. అడవి సీమ వాళ్లది ఇంకో పద్ధతి ఉందని చెప్పాడు. అక్కడ పెద్ద అయినవాడి పాదం నేలకు తగలకూడదు, ఎప్పుడూ చెప్పులు ఉండాలి. ఆయన జనాన్ని హింస పెడితే ఊరి పెద్దలందరూ కూర్చుని విచారించి, తప్పు రుజువైతే, ఆయన కాళ్ల చెప్పులు తీసేసి పాదాలు మట్టికి ఆనిస్తారు. అంతే, ఆ క్షణం నుంచి ఆయన పెద్ద కాడు, అందరిలాంటి మనిషి. కొట్టరు, చంపరు. చెప్పులు తీస్తారు.

నాయిన తన చెప్పుల వైపు చూసుకున్నాడు, వాకిట్లోకి చూశాడు, దుబ్బలో గీసిన దేశాన్ని పాదంతో చెరిపేశాడు. ఇంకెవరి ముందరా ఈ మాట చెప్పకు భాయ్ అన్నాడు అతనితో. నాతో ప్రత్యేకంగా ఏమీ అనలేదు. ఆడపిల్ల విన్నదని కూడా అనుకోలేదేమో.

తెల్లవారి నేను బావికి పోయాను. నాకు అప్పుడు పదహారో పదిహేడో. పెళ్లయింది గాని కాపురానికి పంపలేదు, దసరా దాటాక పంపుదామని అనుకుంటున్నారు. లష్కరాయన రోజూ మా ఇంటికి వస్తున్నాడని వాడంతా తెలుసు, ఏమంటాడు, ఏం తింటాడు అని నలుగురూ నా చుట్టూ చేరారు. ఆ నలుగురిలో నా గొప్ప చూపించుకోవాలని ఉండదా ఆ ఈడులో? చెప్పుల సంగతి చెప్పాను. అందరూ నోళ్లు తెరిచారు. మన దొర కాళ్లు మట్టికి ఆనితే మట్టి మైలపడతది అని ఒకామె అంటే అందరూ కిసకిస నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా హుషారొచ్చింది.

"మన దొరవి కిర్రుచెప్పులాయె. ఊడవీకనీకి నలుగురు గావాలె," అన్నాను.

ఈ మాట లష్కరాయనది కాదు, నాయినది కాదు, నాది. బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు. గడిలో వడ్లు దంచే ఆమె కూడా నవ్వింది.

మర్నాడు పొద్దెక్కేసరికి గడి మనిషి మా దడి దాటి లోపలికి వచ్చాడు. నాయిన మగ్గం గుంతలో ఉన్నాడు. నేను లోపల ఉన్ని బుట్ట దగ్గర ఉన్నాను, తలుపు ఓరగా ఉంది. ఆ మనిషి గొంతు పెంచలేదు. కిర్రుచెప్పులు ఊడవీకనీకి నలుగురు గావాలె అని మీ ఇంట్ల ఎవరో అన్నరంట, ఎవరన్నరో దొర అడగమన్నడు, అన్నోళ్లను గడికి తోలుకరమ్మన్నడు అన్నాడు. నా మాట అక్షరం పొల్లుపోకుండా అతని నోట వినేసరికి నేను బుట్ట వెనక్కి జరిగాను. ఆ కాలంలో ఆడపిల్లను గడికి తోలుకురమ్మంటే దాని అర్థమేమిటో నా ఈడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పోయిన పిల్ల తిరిగి వచ్చినా, అత్తగారింటి తోవ ఇక ఉండదు.

మగ్గం చప్పుడు ఆగింది. నాయిన ఒకసారి తలుపు వైపు చూశాడు. నన్ను చూడలేదు, తలుపునే చూశాడు. నా నాలుక ఎలాంటిదో ఆయనకు తెలియదా.

"నేనే అన్న," అన్నాడు.

"నువ్వా? బాయికాడ ఆడోళ్ల నోట్లె నానుతున్నది ఆ మాట."

"నేనే. కల్లు తాగిన మీద అన్న. ఇంట్ల ఆడోళ్లు ఇని బాయికాడ అనుకున్నరేమో."

మా నాయిన జన్మలో కల్లు ముట్టినవాడు కాదు. అది ఊరందరికీ తెలుసు, ఆ మనిషికీ తెలుసు. అతను కూడా తలుపు వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నేను తల దించి బుట్టలో ఉన్ని పట్టుకున్నాను. అతనికీ ఆడపిల్లలు ఉన్నారని మా అవ్వ తర్వాత చెప్పింది. చివరకు, "సరే, రేపు పొద్దుగాల రా. చెప్పులు మర్సిపోకు," అని వెళ్లిపోయాడు.

తీర్పు ఏమిటంటే, నాయిన తన చెప్పులు తన నెత్తి మీద పెట్టుకుని, పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గూకే వరకు గడి వాకిట్లో నిలబడాలి, నాలుగు చూడి గొర్రెలు తోలాలి, అప్పుడు గుట్ట మీద మంద మేయవచ్చు. వానలు పడి గుట్టంతా పచ్చగా ఉన్న రోజులు. మంద దొడ్లోనే అరుస్తోంది. అంబలి తీసుకుపోయిన అమ్మ ముంతను నిండుగానే తిరిగి తెచ్చింది, తాగనివ్వలేదట. నన్ను అవ్వ గడప దాటనివ్వలేదు. పోయి నేనే అన్నానని చెబుతాను అన్నాను ఒకసారి. "నోరుమూసుకో. ఆయన నిలబడ్డది ఎందుకనుకున్నవ్?" అంది అవ్వ. అంతే, ఆ మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజే రైలుకట్ట బాగైంది. మధ్యాహ్నం లష్కరాయన చెప్పిపోవడానికి వచ్చాడు. బూట్లు దడి బయట విడిచి, లోపలికి వచ్చి, ఖాళీ మగ్గం గుంత చూసి, నాయిన ఎక్కడ అని సైగ చేశాడు. ఊళ్లో పని మీద పోయిండు అని అవ్వ చేత్తో చూపించింది. అతను కూర్చున్నాడు. ఇంజను రెండుసార్లు కూత వేసేదాకా కూర్చున్నాడు. ఏదో చెప్పాలని చూసి, మాకు హిందుస్తానీ రాదని గుర్తొచ్చి, నాయిన కూర్చునే చోట అరచేయి పెట్టి, లేచి పోయాడు. ఎంత స్నేహం చేసినా చివరి రోజు మనిషి కనిపించకుండా పోయాడని అనుకుని ఉంటాడు. తన మాటే నాయినను అక్కడ నిలబెట్టిందని అతనికి తెలియదు. నిజానికి అతని మాట కాదు, నా మాట.

పొద్దు గూకాక నాయిన వచ్చాడు. మెడ ఒక పక్కకు పట్టేసింది, తల తిప్పలేకపోయాడు. చెప్పులు రోజూ పెట్టే చోటే పెట్టి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. నేను ముంత అందించాను. తల తిప్పకుండానే అందుకున్నాడు.

"పోయిండా ఆయన?" అన్నాడు.

"పోయిండు నాయినా."

"సాగనంపకపోతిమి," అన్నాడు.

దసరా దాటాక నన్ను అనుకున్నట్టే కాపురానికి పంపారు. నా సంసారం, నా పిల్లలు, ఈ మునిమనవరాలు, అంతా ఆ ఒక్క అబద్ధం మీద నిలబడిందే. మూడేళ్లు తిరగకముందే పోలీసు యాక్షన్ వచ్చింది, దొర కుటుంబం పట్నం పోయింది, గుట్ట సర్కారుదైంది. నేను పుట్టింటికి పోయినప్పుడు చూశాను, నాయిన గడి గోడ దగ్గరకు వచ్చేసరికి చెప్పులు విడిచి చేతిలోకి తీసుకున్నాడు. లోపల గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. దొర పోయిండు గద నాయినా అంటే, ఆయన నవ్వీనవ్వనట్టు నవ్వాడు. "పోయిండని నాకు ఎరుకనే బిడ్డా. కాళ్లకే ఇంకా ఎరుకైత లేదు," అన్నాడు. చనిపోయేదాకా అలాగే నడిచాడు.

ఇప్పుడు ఆ గోడ మొండిగా మిగిలింది, రాళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు తోలుకుపోయారు. మోటారు సైకిళ్ల మీద పిల్లలు దాని పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతారు, అది ఏమిటని కూడా అడగరు, అదీ మంచిదే. గొంగడి కప్పుకునేవాళ్లు లేరు, మా వాళ్లు ఉన్ని కత్తిరించి గుట్ట కింద పారబోస్తున్నారు. గొర్రె ఇప్పుడు కూరకే. ఆ దేశంలో తెల్ల గవర్నరు పోయి జనమే ఓట్లు వేసుకుంటున్నారట, మా పిల్ల ఫోనులో చూసి చెప్పింది. లష్కరాయన అదంతా చూసేదాకా బతికాడో లేదో. అన్నీ మారినాయి, మారవలసినవే మారినాయి, అయినా నాకేమిటో అలసటగా ఉంటుంది.

నాయిన ఇంకా ఇరవై రెండేళ్లు బతికాడు. ఎన్నిసార్లు ఆయన పక్కన కూర్చున్నాను, ఎన్నిసార్లు ఆ వంకరపోయిన మెడకు ఆముదం రాశాను. ఆ మాట అన్నది నేను నాయినా అని ఒక్కసారి అంటే సరిపోయేది. ఆయనకు తెలుసు కదా, తెలిసిన మాట మళ్లీ చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. తెలిసినా చెప్పవలసిన మాటలు కొన్ని ఉంటాయని తెలిసేసరికి వినేవాడు లేడు.